కస్మిరా కంట్లో గాలిబుడగ

కస్మిరా బంగాళాదుంపను ఒక్కసారి చూసిందంటే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేసేది. ఏ వాలులో పండింది, తెల్లవారుజామున మంచు తగిలిందా లేదా, లోపల పురుగుందా, విత్తనానికి దాచుకోవచ్చా, సంతకు తోలెయ్యాలా, అన్నీ. దియెంగ్ కొండమీద దుంపలు తవ్వే రోజుల్లో ఆమెకు కబురు పెట్టని రైతు లేడు. రాశి ముందు పీట వేసుకుని, చుట్టూ మూడు బుట్టలు పెట్టుకుని, ఊరి కబుర్లన్నీ ఏకరువు పెడుతూనే దుంపల్ని ఎడాపెడా విసిరేది. ఒక్కటి తప్పు బుట్టలో పడేది కాదు.

"వదినా, నువ్వు పోలీసుల్లో చేరాల్సిందానివి. దొంగని మొహం చూసే పట్టేద్దువు," అనేవారు పక్కన కూర్చున్న ఆడవాళ్ళు.

"ఇరవై రెండేళ్ళు ఇంట్లో ఉన్న దొంగనే పట్టుకోలేకపోయానమ్మా. తెలీకుండా వెళ్ళిపోయాడు," అని చనిపోయిన మొగుణ్ణి తలుచుకుని నవ్వేది కస్మిరా.

అటువంటి కళ్ళు ఎలా పోయాయో చెప్పాలంటే ముందు టీ సంగతి చెప్పాలి. మా కొండమీద ఎవరింటికెళ్ళినా ముందు పొగలు కక్కే టీ చేతిలో పెడతారు. చెంచా తిప్పితే అడుగున చక్కెర గరగరమనాలి. చప్పటి టీ ఇచ్చారంటే ఇక లేచి వెళ్ళమన్నట్టే. దుంపలు ఏరే రోజుల్లో కస్మిరాకి ఇంటికి రెండు గ్లాసులు, రోజుకి మూడిళ్ళు. వద్దంటే ఆ ఇల్లాలి మొహం మాడిపోతుంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు వేలు పొడిచి రక్తం చూసి, "పెద్దమ్మా, నీకు షుగరు బాగా ఎక్కువుంది, తీపి మానెయ్యాలి," అంటే, "నేను మానేస్తానమ్మా, నాకు పోసేవాళ్ళని ఎవరు మాన్పిస్తారు?" అంది. మాత్రలు ఇస్తే పండగకి పండగకి వేసుకుంది. నవ్వులాట అనుకుంది. మేమందరమూ అలాగే అనుకున్నాం, ఆవిడొక్కత్తెనే అని ఏం లాభం!

ముందు కుడికన్ను చెడింది. చూపులో నల్లటి పోగులు తేలాయి. బూజు పడిందనుకుంది. తమలపాకులు మరిగించి, చల్లార్చి, ఆ నీళ్ళతో కన్ను కడుక్కోవడం మా దగ్గర అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న వైద్యం. ఏడు నెలలు కడిగింది. కడిగింది కన్ను ముందు భాగం. జబ్బున్నది కన్ను వెనక పొరలో. కిందనున్న వోనోసోబో పట్నంలో డాక్టరు చూసేసరికి ఆ పొర ముడుచుకుపోయి ఊడొచ్చేసింది. "కుడికన్ను సంగతి వదిలేద్దామమ్మా. ఎడమది దక్కించుకోవాలి. ఇక్కడ కాదు, సెమరాంగ్ పెద్దాసుపత్రికి వెళ్ళాలి," అన్నాడాయన.

సెమరాంగ్‌లో కూతురు యాతి ఉంది. అల్లుడిది రేవులో పని. ఇల్లు సముద్రాన్ని ఆనుకునే. పోటు వస్తే ఉప్పునీళ్ళు గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చేస్తాయి. కొండమీద అడ్రసుంటే ఆసుపత్రి మారినప్పుడల్లా మూడు చోట్ల సంతకాలు కావాలి. అందుకని తల్లి బీమా కార్డు మీద అడ్రసు యాతి తన ఇంటికి మార్పించేసింది. "ఎవరడిగినా నా దగ్గరే ఉంటున్నానని చెప్పు. కొండమీద ఉంటున్నావని తెలిస్తే కార్డు తీసేస్తారు," అని ఒకటికి పదిసార్లు చెప్పింది. తీసేస్తారో లేదో ఎవరికి తెలుసు. పేదవాళ్ళ భయాలు ఇలాగే ఉంటాయి, అడిగి తెలుసుకోవడానిక్కూడా భయమే.

ఎడమకన్ను కోసం రెండేళ్ళు తిరిగింది. ముందు లేజరు. గడ్డం ఒక చోట ఆనించి కూర్చోబెట్టి, ఆకుపచ్చటి వెలుగు చుక్కల్ని కంట్లోకి కొడుతుంటే తల వెనక ఎవరో సుత్తితో తట్టినట్టుండేది. కన్ను వెనక మొలిచిన పనికిమాలిన రక్తనాళాలు ఎండిపోవాలంటే అదే దారి అన్నారు. తర్వాత సూదులు. నెలకొకటి, సరిగ్గా కంట్లోకి. మొదటిసారి ఆ మాట వినగానే కస్మిరా చెప్పులేసుకుని మెట్ల దాకా వెళ్ళిపోయింది. యాతి వెంటపడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"కంట్లో సూదా! మీ నాన్న కూడా నన్నింత కష్టపెట్టలేదే!"

"మత్తుచుక్కలు వేస్తారే అమ్మా, తెలీనే తెలీదు."

నిజంగానే పెద్దగా తెలియలేదు. ఆరు సూదులయ్యాయి. చూపు నిలబడింది. ఆ మీదట దుంపలు తవ్వే కాలం వచ్చింది. కబురు మీద కబురు. రెండు నెలలు సూదికి వెళ్ళలేదు. మూడో నెలలో ఒక ఉదయం, రాశి ముందు కూర్చుని ఉండగానే, కంట్లో ఎర్రటి దారం ఒకటి కిందికి జారింది. కాసేపటికి సిరా ఒలికినట్టు మొత్తం కమ్మేసింది. అయినా చెయ్యి ఆపలేదు. అలవాటు కొద్దీ విసురుతూనే ఉంది. విత్తనపు బుట్టలో పురుగు దుంపలు, పురుగు బుట్టలో విత్తనాలు. అందరూ చూశారు. కాసేపయ్యాక ఒకామె మెల్లగా లేచి బుట్టల్ని దూరంగా జరిపింది.

ఇక మనవరాలి సంగతి. కొడుకు ముగియోనో కూతురు సల్వా. దానికి ఏడాది వయసులో మూడు రోజులు కాగిపోయే జ్వరం వచ్చి, తగ్గేసరికి నడినెత్తిన జుట్టు జటలు కట్టింది. మా కొండమీద కొందరు పిల్లలకు అలా అవుతుంది. ఆ జటలు ఎప్పుడుపడితే అప్పుడు కత్తిరించకూడదు. పిల్లకు ఊహ తెలిశాక, తనంతట తాను ఒక కోరిక కోరాలి. కోరింది కోరినట్టు తీర్చాలి. అప్పుడు మంచిరోజు చూసి తంతు జరిపి కత్తిరిస్తే జుట్టు మామూలుగా పెరుగుతుంది. కోరిక తీర్చకుండా కత్తెర పెడితే మళ్ళీ జట కడుతుంది, మళ్ళీ జ్వరాలు. ఒకడు రెండు బాతుగుడ్లు అడుగుతాడు, ఇంకొకతె గొర్రెపిల్లనడుగుతుంది. ఏదైనా సరే, తెచ్చి తీరాలి.

సల్వా ఆ జటల్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, ఒక్క నానమ్మని తప్ప. తల్లి వినార్సి చెయ్యి వేస్తే ఊరంతా వినపడేలా ఏడ్చేది. కస్మిరా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, జటల మధ్య చర్మాన్ని వేలి కొసలతో తుడుస్తుంటే మాత్రం కునికిపాట్లు పడేది. దానికి ఆరేళ్ళు నిండాయి. బళ్ళో వేయాలి. తంతు జరిపించే పెద్దాయన రెక్సో ఇంటికొచ్చి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం కావాలే నీకు? గొర్రెపిల్లా? సైకిలా?"

"నానమ్మ కత్తిరించాలి," అంది సల్వా.

"కత్తిరించేది నేనే. నువ్వు వస్తువేదైనా అడుగు."

"నాకేం వద్దు. నానమ్మే కత్తిరించాలి. నువ్వు ముట్టుకుంటే నొప్పి."

అందరూ నవ్వారు. పెద్దాయన పదిరోజుల తర్వాత మళ్ళీ అడిగాడు, ఆ తర్వాత ఇంకోసారి అడిగాడు. మూడుసార్లూ అదే మాట. "సరే, కోరికంటే కోరికే," అని పంచాంగం లెక్కలు కట్టి ఒక రోజు చెప్పాడు. ఆ రోజు దాటితే మళ్ళీ ఏడాదికే అన్నాడు. కస్మిరా సంబరం చూడాలి! "నా కోడలికి పిల్లనిచ్చింది దేవుడు, పిల్లకి బుద్ధినిచ్చింది నేను," అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. ఇదంతా కంట్లో రక్తం పడడానికి నెల ముందు మాట.

రక్తం పడ్డాక సెమరాంగ్ డాక్టరు చూసి, ఇక లేజరుతో, సూదులతో పని జరగదన్నాడు. లోపలి రక్తాన్ని తీసెయ్యాలి. పొరను లాగుతున్న తీగల్ని తెంపాలి. పొరని మళ్ళీ గోడకి అతికించాలి. అతుకు ఆరేదాకా లోపల్నుంచి ఒత్తిపట్టడానికి ఒక గాలిబుడగ పెట్టాలి. "ఒక్క కన్నే ఉంది కదమ్మా నీకు, ఆలస్యం చేయొద్దు," అన్నాడు. అయినా వరస వచ్చేసరికి నాలుగు నెలలు దాటింది. ఆపరేషన్ తంతుకి పద్దెనిమిది రోజుల ముందు కుదిరింది. కస్మిరా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. సరిపోతుంది.

ఆపరేషనయ్యాక పదిరోజులు బోర్లా పడుకోవాలి. బుడగ పైకి తేలి వెనక గోడకి ఆనాలంటే మొహం నేలకే ఉండాలి. యాతి ఇంట్లో రెండు దిళ్ళ మధ్య సందు చేసి, అందులో మొహం పెట్టి పడుకుంది కస్మిరా. మాట్లాడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు కూడా నేలమీద వెల్లకిలా పడుకుని తల ఆ సందు కిందికి దూర్చేవారు.

"ఎలా ఉంది అక్కా?"

"ఎలా ఉంటుందమ్మా, బతుకులో ఎగ్గొట్టిన నమాజులన్నిటికీ ఒక్కసారే తల వంచినట్టుంది," అనేది.

ఫోను కూడా నేలమీదే పెట్టేవారు. అందులోంచి సల్వా, "నానమ్మా, కనపడుతున్నానా?" అని రోజూ అరిచేది. "కనపడుతున్నావే, నీళ్ళ అడుగున ఉన్నట్టున్నావు," అనేది కస్మిరా.

పన్నెండో రోజు కూర్చోవచ్చన్నాక అసలు వింత మొదలైంది. చూపులో అడ్డంగా ఒక గీత. గ్లాసులో నీళ్ళ మట్టంలాగా, తల కదిపితే అదీ ఊగేది. గీత కింద అంతా మసక. పైన మాత్రం కడిగినట్టు స్పష్టం. ఆ పైభాగంలోంచి ముందు ఇంటికప్పు పెంకులు కనిపించాయి. రెండో రోజు గోడమీద బల్లి. మూడో రోజు గీత ఇంకాస్త దిగింది. కూతురి నుదురూ, కనుబొమలూ, కళ్ళూ కనిపించాయి.

"యాతీ, ఇంత చిక్కిపోయావేంటే?" అని తడుముకుంటూ కూతురి చెంపలు పట్టుకుని బావురుమంది. ఐదు నెలలైంది ఆమె మనిషి మొహం చూసి. ఇంకో నాలుగు రోజులకి గీత మరికాస్త దిగుతుంది, సల్వా మొహం మొత్తం కనపడుతుంది, జటలు లేని ఆ మొహాన్ని దాని ఏడాది వయసు తర్వాత మళ్ళీ మొదటిసారి చూస్తుంది. ఆ రోజుల్లో ఆవిడ కోరుకున్నది అదొక్కటే.

పదహారో రోజున డాక్టరు కంట్లోకి వెలుగు వేసి చూసి వెన్ను తట్టాడు. "బ్రహ్మాండంగా అతుక్కుంది. ఈ గాలి ఇంకో నెలన్నర ఉంటుంది, దానంతటదే పోతుంది. అప్పటిదాకా విమానం మాత్రం ఎక్కకూడదు. ఎక్కే పనేమన్నా ఉందా?"

గదిలో అందరూ నవ్వారు. "నేనా సార్, విమానమా! మీరు హజ్‌కి పంపిస్తానంటే చెప్పండి, గాలి పోయాకే వెళ్తా."

"ఇల్లెక్కడమ్మా మీది?"

యాతి మోచేత్తో పొడిచింది. "ఇక్కడే సార్," అంది కస్మిరా. "సముద్రం పక్కనే. పోటొస్తే నీళ్ళు వంటింట్లోకే."

"అయితే ఇంకేం భయం లేదు. ఇంటికెళ్ళి హాయిగా ఉండండి."

ఇక్కడ నాకు ఎవరిమీద కోప్పడాలో ఇప్పటికీ తెలియదు. డాక్టరు కార్డు చూశాడు, సముద్రం అని రాసుంది. సముద్రం పక్కన కాపురమున్న మనిషికి కొండ ఎక్కొద్దని ఎందుకు చెబుతాడు? తల్లి వైద్యం ఆగిపోకూడదనుకుంది యాతి. కస్మిరా అయితే ఇంటికెళ్ళమన్న మాట విని, అదే వేదం అనుకుంది. ఎవరి మటుకు వాళ్ళు మంచే చేశారు, ఆవిడ కంటికి అదే ముప్పయింది.

పదిహేడో రోజు పొద్దున్నే ముగియోనో దుంపల ట్రక్కు తీసుకుని వచ్చాడు. తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఒళ్ళో దిండు పెట్టాడు. సముద్రం నుంచి మా కొండకి రోడ్డు తిన్నగా ఎక్కదు. ముందు రెండు అగ్నిపర్వతాల మధ్య కనుమ ఎక్కి, మళ్ళీ వోనోసోబో దాకా దిగి, అక్కణ్ణుంచి మా దియెంగ్‌కి నిటారుగా ఎక్కుతుంది. కనుమ ఎక్కుతుండగా కస్మిరా కంట్లో బరువు మొదలైంది. తర్వాత నొప్పి. తర్వాత చూస్తే గీత పైకి వస్తోంది. పొద్దున గడ్డం దగ్గరున్న మసక ఇప్పుడు కొడుకు ముక్కు దాకా వచ్చింది.

"నాయనా, కన్ను లాగేస్తోందిరా."

"గాలి పట్టుంటుందమ్మా. అద్దం ఎత్తెయ్," అని ముగియోనో జేబులోంచి బామ్ డబ్బా తీసిచ్చాడు. మా వాళ్ళకు ఏ నొప్పి వచ్చినా గాలి పట్టడమే. కణతలకి రాసుకుంది. కనుమ దాటి రోడ్డు దిగడం మొదలుపెట్టాక నొప్పి దానంతటదే సర్దుకుంది. గీతా దిగింది. వోనోసోబోలో ఆగి చిక్కటి పులుసులో నూడుల్సూ, పులియబెట్టిన సోయా గింజల టెంపె బజ్జీలూ తిన్నారు. కస్మిరా చప్పటి టీ అడిగితే హోటలావిడ వింతగా చూసింది.

"ఇప్పుడెలా ఉందమ్మా? పోనీ ఇక్కడ ఆసుపత్రిలో ఓసారి చూపించుకుందామా?" అన్నాడు ముగియోనో.

కస్మిరా ఆలోచించింది. ఆసుపత్రంటే వరస, కాగితాలు, కార్డు, అడ్రసు. సాయంత్రమైపోతుంది. పడుకోబెట్టినా పడుకోబెడతారు. రేపు తెల్లారితే తంతు. ఆ రోజు దాటితే ఏడాది. పిల్లకి వారంనుంచీ ఒళ్ళు వెచ్చబడుతోందని కోడలు ఫోన్లో చెప్పింది, జటలు తీసేముందు వచ్చే జ్వరమే అది.

"తగ్గిపోయిందిరా. పద, పిల్ల కాచుకునుంటుంది."

నిజంగానే తగ్గింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అబద్ధం ఆ తర్వాత మొదలైంది. ఊరు దాటి ట్రక్కు మా కొండ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ గీత పైకి లేచింది. కొడుకు మొహం మునిగింది. నుదురు మునిగింది. కొండమీది మొదటి కేబేజీ మళ్ళు పైనున్న సన్నటి వెలుగులో పచ్చగా మెరిసి, అవీ మునిగాయి. నొప్పి కంట్లోంచి తల మొత్తానికి పాకింది. ఒకచోట బండి ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకుంది.

"అమ్మా, వెనక్కి తిప్పేస్తా."

"నోర్ముయ్యరా. నూడుల్స్ పడలేదు. పోనీ బండి."

ఒక్క మాట అంటే సరిపోయేది. కనపడడం లేదురా అంటే వాడు తిప్పేసేవాడు. ఆవిడ అనలేదు. పిల్ల మూడుసార్లు అడిగి, మూడుసార్లూ అదే చెప్పింది. తను వెనక్కి పోతే దాని కోరిక తీరదు, జట పోదు, జ్వరం పోదు. రేపు మధ్యాహ్నానికి పని అయిపోతుంది, దిగిపోయి డాక్టరుకి చూపించుకుంటే మళ్ళీ తగ్గిపోతుంది, పొద్దున తగ్గలేదూ? ఇలా అనుకుంది పాపం. దిగితే తగ్గిందని తనే కళ్ళారా చూసింది కదా.

ఇల్లు చేరేసరికి కంట్లో బూడిదరంగు తప్ప ఏమీ లేదు. తెల్లవారేసరికి అదీ లేదు. రాత్రంతా దిండు కొరుక్కుని పడుకుందని కోడలు తర్వాత దిండు గలీబు చూసి కనిపెట్టింది.

పొద్దున సల్వాకి ఏడు ఊటల నీళ్ళలో పూలు వేసి స్నానం చేయించారు. నెత్తిన తెల్లగుడ్డ కట్టారు. పసుపన్నం కుప్ప, ముక్కలు చెయ్యకుండా ఉడికించిన కోడి, రకరకాల పిండివంటలు వరసగా పెట్టారు. మంచు కమ్మి ఉంది. పెద్దాయన రెక్సో మంత్రం చదివి, ఒక్కొక్క జటకీ ఉంగరం తొడిగి, కత్తెర కస్మిరా చేతిలో పెట్టాడు.

"కనపడుతోందా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

"నీకంటే బాగా," అంది కస్మిరా.

నవ్వారందరూ. ఆవిడ ఎడమచేత్తో మనవరాలి తల వెతుక్కుంది. ఆ తల ఆవిడకి కొత్తా ఏమన్నానా! ఏ జట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ చర్మం పలుచనో వేళ్ళకు తెలుసు. చూపుడువేలు అడ్డం పెట్టి, ఉంగరం కిందినుంచి ఒక్కొక్కటే కత్తిరించింది. పదకొండు జటలు. చిన్న గీరుడు కూడా పడలేదు. "కళ్ళొచ్చేశాయమ్మా కస్మిరాకి! ఎంత తిన్నగా కోసిందో చూడండి!" అని ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. సల్వా గిర్రున తిరిగి నానమ్మ మొహంలోకి మొహం పెట్టింది.

"నేనెలా ఉన్నా?"

"చందమామలా ఉన్నావే," అంది కస్మిరా. పిల్ల ఊపిరి తన చెంపకి తగులుతోంది. అంత దగ్గర. ఎంత కళ్ళు చించుకున్నా చీకటే. రెండు చేతుల్తోనూ ఆ మొహాన్ని నుదుటినుంచి గడ్డం దాకా తడిమింది, మళ్ళీ తడిమింది. "గిలిగింతలు నానమ్మా," అని సల్వా నవ్వుతూ విడిపించుకుని పరిగెత్తింది. అప్పుడు కస్మిరా కొడుకు చెయ్యి పట్టుకుని, "ఒరే, నన్ను కిందికి తీసుకుపో," అంది.

దిగుతుంటే నొప్పి తగ్గింది. గీత కూడా దిగుతుందని కిందదాకా ఎదురుచూసింది. "వచ్చిందా అమ్మా?" అని వాడు మలుపుకోసారి అడిగాడు. "ఇంకా లేదురా." వోనోసోబో వచ్చింది, కనుమ వచ్చింది, సముద్రం వాసన వచ్చింది. చూపు రాలేదు.

డాక్టరు వెలుగు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. "విమానం ఎక్కారా?" అన్నాడు.

"లేదు సార్. ఇంటికెళ్ళానంతే."

"ఇంటికెళితే ఇలా ఎందుకవుతుంది? ఇల్లు ఇక్కడే అన్నారుగా!"

యాతి మొత్తం చెప్పేసింది. కార్డు సంగతి, అడ్రసు సంగతి, కొండ సంగతి. ఎంత ఎత్తని అడిగాడు. రెండువేల మీటర్లన్నాడు ముగియోనో. డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి కళ్ళజోడు తీసేశాడు. ఎత్తుకెళ్ళేకొద్దీ బయట గాలి పలచబడుతుందనీ, లోపలి బుడగ ఉబ్బుతుందనీ, అది ఒత్తితే కంటికి రక్తం ఆగిపోతుందనీ, గంటా రెండుగంటలైతే వేరు, రాత్రంతా అంటే నరం బతకదనీ చెప్పాడు.

"ఒక్క మాట చెప్పుండాల్సిందమ్మా. గాలి బదులు నూనె ఎక్కించేవాణ్ణి. అదీ మా దగ్గరుంది. నూనె ఉబ్బదు. కొండెక్కినా ఏమీ కాదు. కొన్నాళ్ళయ్యాక తీసేసేవాణ్ణి."

"ఇప్పుడెక్కించండి సార్," అంది కస్మిరా.

డాక్టరు ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి అర్థమైంది ఆవిడకి. కార్డు ఎవరూ తీసెయ్యలేదు; అసలు అడ్రసు ఎవరూ పట్టించుకోలేదు కూడా.

గాలి పూర్తిగా పోయేదాకా యాతి దగ్గరే ఉండి, తర్వాత కొండకి తిరిగొచ్చింది. చక్కెర జబ్బే కన్ను తినేసిందని సల్వాకి చెప్పాలని ఇంట్లో అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. రైతులు మర్యాదకి కబురు పెట్టారు, వేళ్ళతో ఏరినా ఫర్వాలేదన్నారు. ఒకరోజు వెళ్ళింది. తను విసిరిన దుంపల్ని ఎవరో చప్పుడు కాకుండా బుట్ట మారుస్తున్నారని చెవులకి తెలిసిపోయి, మళ్ళీ వెళ్ళలేదు. వాకిట్లో ఎండ తగిలేచోట కూర్చుని సల్వా బడినుంచి వచ్చేదాకా గంటలు లెక్కపెట్టుకునేది.

సల్వా జుట్టు నున్నగా పెరుగుతోంది. తల్లే దువ్వి జడ వేస్తోంది. సెలవులకి యాతి వచ్చింది. వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని, "ఆ అడ్రసు మార్పించింది నేనే, నా చేతులు పడిపోనూ," అని ఏడ్చింది. "పోనీలే వదినా, అది సైకిలు అడిగున్నా ఇంత జరగకపోవును," అంది వినార్సి. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. తలుపు పక్కన పిల్ల నిలబడి ఉందని ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత రెండు వారాలకి సల్వా తల్లిని జుట్టు ముట్టుకోనివ్వడం మానేసింది. తనే వేసుకుంటానంది. బడికి తలకి గుడ్డ కట్టుకునే వెళుతుంది కాబట్టి ఎవరూ గమనించలేదు. ఒక ఆదివారం వాకిట్లో నానమ్మ ఒళ్ళో తల పెట్టుకుంటే కస్మిరా అలవాటుగా వేళ్ళు పోనిచ్చింది. నడినెత్తిన గట్టిగా ఏదో తగిలింది. మళ్ళీ కట్టిందా? తంతులో ఏం తప్పు జరిగింది? తడిమి చూసింది. జట కాదు. పీచులా మెలితిప్పిన ముడి, గట్టిగా, పెళుసుగా ఉంది.

"ఏంటే ఇది? ఏం పూశావు?"

"గంజి," అంది సల్వా. "చెయ్యి తియ్ నానమ్మా, ఊడిపోతుంది."

"గంజి ఎందుకే పూశావు తలకి?"

"రోజూ పూసి మెలిపెడుతున్నా. జట కడితే రెక్సో తాత మళ్ళీ వచ్చి అడుగుతాడు కదా, ఏం కావాలని. పోయినసారి నేను తప్పు అడిగేశా. ఈసారి నీ కన్ను అడుగుతా. అడిగింది ఇచ్చి తీరాలి కదా?"

కస్మిరా పిల్లని గుండెకి అదుముకుంది. "నువ్వు అడిగింది తప్పు కాదు తల్లీ. నేను చెప్పాల్సిన చోట చెప్పలేదు. తప్పు నాది, నీది కాదు. వింటున్నావా? నీది కాదు," అంది. ఎన్నిసార్లు చెప్పినా దానికి ఎక్కలేదు. చివరికి కోడల్ని కేకేసి గోరువెచ్చటి నీళ్ళు తెమ్మంది. ముడిని తడిపి, వేళ్ళతో ఒక్కొక్క వెంట్రుకా విడదీయడం మొదలుపెట్టింది.

"విప్పకు నానమ్మా. ఇంకొన్ని రోజులు ఉంచు, అదే కట్టుకుంటుంది," అని సల్వా ఏడుస్తూనే ఉంది. కస్మిరా విప్పుతూనే ఉంది.